సన్నకొన కిందికి

గుడ్డుని ట్రేలో పెట్టేటప్పుడు
సన్నకొన కిందికి ఉండాలంట.
షడ్రక్‌కి ఒక్కసారే చెప్పారు.
ఇంట్లో ఉన్న ఆరు గుడ్లూ ఆ రాత్రే సర్దేశాడు,
పక్కింటి మేరమ్మ గిన్నెలోవి కూడా.

బిక్కవోలు అవతల గుడ్ల గోడౌను.
ట్రేకి ముప్పై, పెట్టెకి ఏడు ట్రేలు.
ఎవరితో మాట్లాడక్కర్లేదు, ఎవరి మొహంలోకీ చూడక్కర్లేదు.
లారీ హారను మోగితే మాత్రం
చెవులు మూసుకుని సున్నం గోడవైపు తిరిగిపోతాడు.
బుల్లిరెడ్డి గారు గేటు మీద రాయించారు:
ఇక్కడ హారను కొట్టవద్దు.
ఇరవై ఆరేళ్లలో మావాడికోసం
ఎవరైనా పెట్టిన మొదటి బోర్డు అది.

నెలకి ఎనిమిదివేలన్నారు.
సంతోషపడాలి కదండీ.
నేను బియ్యం డబ్బాలోంచి సర్టిఫికెట్ తీసి చూశాను.
పద్నాలుగేళ్లప్పటి ఫోటో, కళ్లు పక్కకి.
డెబ్బై శాతం.
పని దొరికితే ఆ డెబ్బైలో ఎంత తగ్గుతుంది?
కాకినాడ ఆస్పత్రికి మళ్లీ రమ్మంటే
డాక్టరు ముందు ఏమని కూర్చోబెట్టను?
"ఏమీ రాదండీ మావాడికి" అని
పన్నెండేళ్లుగా ప్రతి బల్ల ముందూ అన్నాను,
వాడి ఎదురుగానే.
వాడు పట్టించుకోడనుకున్నాను.
వాడు ఏదీ మర్చిపోడు.

సచివాలయంలో అడిగాను.
ఒకాయన పోదన్నాడు, ఒకావిడ పోతుందంది.
కంప్యూటరు ముందు కుర్రాడు
"జీతం బ్యాంకులో పడితే సిస్టమే చూసుకుంటుందండీ" అన్నాడు,
సిస్టమంటే వాళ్ల పెదనాన్నయినట్టు.
నేనడిగింది పోతుందా అని ఒక్కటే కాదు.
మూడు నెలలకి ఆ పని పోతే
ఇది తిరిగొస్తుందా?

కాలువ కట్టేస్తే మాకు భయం లేదు.
వేసవిలో కడతారు, పిల్లలు బురదలో చేపలు దేవుతారు,
లాకు తలుపులకి గ్రీజు రాస్తారు,
నీళ్లు ఫలానా రోజున వదుల్తారని
నారుమడి దున్నేవాడికి ముందే కబురొస్తుంది.
పింఛను కట్టేస్తే
వదిలే రోజు ఏ లస్కరు చెప్తాడండీ?

బుల్లిరెడ్డి గారు మంచోరే.
"పేరు రాయడమెందుకమ్మా, చేతికిచ్చేస్తాను,
ఎవరికీ తెలీదు" అన్నారు.
తెలీకుండా ఉండటం మాకేం కొత్త కాదు.
పెళ్లిళ్లకి తీసుకెళ్లలేదు వాణ్ణి,
చర్చిలో ఆఖరి వరుసలో చెప్పుల పక్కన కూర్చున్నాం,
కేకలేసిన రోజుల్లో కిటికీలు మూసుకున్నాం.
ఇప్పుడు వాడి చెమట మీద కూడా తలుపేయాలా?
అయినా సరేనన్నాను.
ఆరువేలండీ. ఆయ్, ఆరువేలు.

ఒకటో తారీకు తెల్లారకముందే
బొటనవేలు సబ్బుతో కడుక్కుని
అరుగు మీద కూర్చున్నాడు, ప్రతి నెలలాగే.
వెల్ఫేర్ అసిస్టెంటు హైమ వచ్చింది.
మిషను వేలు తీసుకోలేదు.
రెండోసారీ ఎర్రలైటే.
అట్టల గరుకుకి గీతలు అరిగిపోయాయి.
"ఏంటి షడ్రక్, ఏం పని చేస్తున్నావు?"
ఊరికే అడిగింది, అందర్నీ అడిగినట్టే.
నేను నోరు తెరిచేలోగా
"గుడ్లు. నిన్న రెండొందల పదమూడు ట్రేలు.
సన్నకొన కిందికి.
జీతం ఎనిమిదివేలు.
ఎవరికీ చెప్పకూడదు."

రోడ్డు మీద గడ్డి ట్రాక్టరు దాటేదాకా
ఎవరం మాట్లాడలేదు.
హైమ మిషను వంక చూసింది, నా వంక చూసింది.
వాడి వేలు చున్నీతో తుడవబోయి,
ముట్టుకుంటే వాడికి పడదని గుర్తొచ్చి,
చున్నీ కొస వాడికే అందించింది.
మూడోసారి పచ్చలైటు.
నోట్లు లెక్కపెట్టిచ్చి
"వచ్చే నెల సంగతి నాకూ తెలీదమ్మా" అంది.
రాసుకుందో లేదో నేనడగలేదు.

వాడు నోట్లన్నీ ఒకే వైపుకి తిప్పి
నా ఒళ్లో పెట్టాడు.
చెప్పులేసుకుంటూ, ఎటో చూస్తూ,
"నాకు వచ్చు" అన్నాడు.
ఏమొచ్చురా అని అడిగేలోగా
గుమ్మం దాటేశాడు.
ఎనిమిదింపావు బస్సు.
ఆలస్యమైతే వాడికి పడదు.